కైసరు పేరిట బలి

క్రీ.పూ. 63లో రోమన్ సేనాని పాంపే యెరూషలేము ఆలయాన్ని పట్టుకుని, ప్రధాన యాజకుడు ఏడాదికొక్కసారి మాత్రమే అడుగుపెట్టే అతి పరిశుద్ధ స్థలంలోకి నేరుగా వెళ్లాడు. ఆలయ ధనాన్ని మాత్రం ముట్టుకోలేదు. మర్నాడే శుద్ధి జరిపించి బలులు కొనసాగించమన్నాడు. గెలిచిన చోట దేవుళ్ల జోలికి పోకుండా పన్నులూ విధేయతా రాబట్టుకోవడం రోమ్‌కు అలవాటే. అయితే అగస్టస్ కాలం నుంచి తూర్పు నగరాల్లో చక్రవర్తిని దేవుడిగా కొలిచే ఆచారం పాకింది. తమ దేవుడి సరసన మరొకరిని ఒప్పుకోని యూదులు ఏం చేయాలి?

దొరికిన మార్గం ఈ చరిత్ర మొత్తంలోకీ తెలివైనదని నా అభిప్రాయం. కైసరుకు, అంటే రోమన్ చక్రవర్తికి, బలి ఇవ్వరు; కైసరు క్షేమం కోరి తమ దేవుడికే ఇస్తారు. రోజూ రెండు గొర్రెపిల్లలు, ఒక ఎద్దు అని అలెగ్జాండ్రియా యూదు తత్వవేత్త ఫిలో రాశాడు. రోమ్ ఒప్పుకుంది.

ఒప్పుకున్నా పగ్గాలు వదల్లేదు. క్రీ.శ. 6లో యూదయ నేరుగా రోమన్ అధికారి చేతికి వచ్చాక ప్రధాన యాజకుణ్ని నియమించేదీ తొలగించేదీ ఆయనే. పండగలకు ధరించే యాజక వస్త్రాలు ఆలయాన్ని ఆనుకుని ఉన్న ఆంటోనియా కోటలో రోమన్ల కాపలాలో ఉండేవి. పండగకు ఏడు రోజుల ముందు ఇచ్చేవారు, పండగ ముగియగానే మళ్లీ తీసుకెళ్లి దాచేవారు. దేవుడి ముందు నిలబడే మనిషి తన అంగీ కోసం పరాయి సైనికుల దగ్గరికి పోవాలి! ఆ అవమానం ఎంత లోతుగా దిగి ఉంటుందో ఊహించవచ్చు. అదే ఏడు పన్నుల కోసం జనగణన జరిగితే, దేవుడు తప్ప తమకు ప్రభువు లేడంటూ గలిలయుడైన యూదా తిరగబడ్డాడు. యేసును పట్టుకుని కైసరుకు పన్ను కట్టవచ్చా అని అడిగినవాళ్లు, ఆ తిరుగుబాటు ఇంకా మరవని జనం మధ్య నిలబడి అడిగారు. ఔనన్నా చిక్కే, కాదన్నా చిక్కే.

క్రీ.శ. 40లో చక్రవర్తి కలిగులా తన విగ్రహాన్ని ఆలయంలో పెట్టమన్నాడు. సిరియా పాలకుడు పెట్రోనియస్ ఆలస్యం చేయడం, ఈలోగా చక్రవర్తి హత్యకు గురవడం వల్ల ఆ గండం తప్పింది. 66లో మాత్రం తప్పలేదు. అధికారి ఫ్లోరస్ ఆలయ ఖజానాలోంచి 17 టాలెంట్ల సొమ్ము లాక్కున్నాడు. యాజక కుటుంబానికి చెందిన ఎలియాజరు, పరాయివాళ్ల తరఫున బలులు ఇక చెల్లవని ఆపించాడు. కైసరు బలి ఆగిపోయింది. యుద్ధానికి పునాది అక్కడే పడిందని ఆ కాలపు చరిత్రకారుడు జోసీఫస్ తేల్చాడు. 70లో ఆలయం కాలిపోయింది. అంతకుముందు యూదులు ఆలయానికి పంపుకున్న అర షెకెలుకు బదులు మనిషికి రెండు దేనారాలు రోమ్‌లోని జూపిటర్ గుడికి కట్టాల్సి వచ్చింది. ఓడినవాళ్లకు ఇంతకన్నా క్రూరమైన పన్ను నేనెక్కడా చూడలేదు. 132లో బార్ కోఖ్బా నాయకత్వంలో మళ్లీ తిరగబడితే యూదయ పేరు కూడా మిగల్లేదు, సిరియా పాలస్తీనా అయింది.

కైసరు కోసం తమ దేవుడికే బలి ఇచ్చే ఆ వెసులుబాటు క్రైస్తవులకు మొదటినుంచీ లేదు. అధికారులకు లోబడమని అపొస్తలుడు పౌలు రాశాడు, పాలకుల కోసం ప్రార్థనలూ చేశారు. కానీ వాళ్లకు గుడి లేదు, బలిపీఠం లేదు. యూదులకున్న ప్రాచీనత అనే రక్షణ కూడా లేదు. 112 ప్రాంతంలో బితునియ పాలకుడు ప్లినీ అనుమానితులను చక్రవర్తి ప్రతిమ ముందు నిలబెట్టి ధూపం, ద్రాక్షారసం అర్పించమన్నాడు. క్రీస్తును దూషించమన్నాడు. కాదన్నవాళ్లను శిక్షకు పంపాడు.

దాదాపు 250లో డెసియస్ చక్రవర్తి రాజ్యమంతటా బలి తప్పనిసరి చేశాడు. బలి ఇచ్చినట్టు రాయించుకున్న ఆ సంవత్సరపు పపైరస్ పత్రాలు ఈజిప్టు ఇసుకలో నలభైకి పైగా దొరికాయి. తాను ఎప్పుడూ దేవతలకు బలులిస్తూనే ఉన్నాననీ, ఇప్పుడూ అధికారుల ఎదుట పానార్పణ చేసి, బలి ఇచ్చి, ఆ మాంసం రుచి చూశాననీ ఒక్కో పత్రంలో ఒక్కో మనిషి రాయించుకుంటాడు. చూశామని సాక్షులు సంతకం పెడతారు. మనసులో ఏముందో ఆ కాగితం అడగదు. అందుకే ఎందరో క్రైస్తవులు బలి ఇచ్చి తెచ్చుకున్నారు, కొందరు లంచమిచ్చి కొనుక్కున్నారు, కొందరు చచ్చిపోయారు. బలి ఇచ్చినవాళ్లనూ, పత్రం కొనుక్కున్నవాళ్లనూ తిరిగి సంఘంలోకి తీసుకోవాలా అన్న తగాదా సంఘాలను చీల్చింది.

303లో డయోక్లీషియన్ మొదలుపెట్టిన పెద్ద హింస కూడా పారలేదు. 311లో చక్రవర్తి గెలీరియస్ మరణశయ్య మీద ఓటమి ఒప్పుకున్నాడు. క్రైస్తవులు బతకవచ్చు, రాజ్యక్షేమం కోసం తమ దేవుణ్నే ప్రార్థించాలి అని ఆజ్ఞ వేశాడు. యెరూషలేములో 66 దాకా నడిచిన ఏర్పాటు కూడా ఇదే. మొదట్లోనే క్రైస్తవులకూ ఇచ్చి ఉంటే ఎన్ని ప్రాణాలు మిగిలేవో!

అధికారం చేతికందాక ఆ క్రైస్తవులు ఇతరులకు అంత చోటు ఇవ్వలేదు. 388లో కల్లినికం పట్టణంలో క్రైస్తవ గుంపు యూదుల ప్రార్థనా మందిరాన్ని తగలబెట్టింది. బిషప్పే తిరిగి కట్టించాలని చక్రవర్తి థియొడోసియస్ ఆదేశిస్తే, మిలాన్ బిషప్ ఆంబ్రోస్ అడ్డుపడి ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకునేలా చేశాడు.