కాగితాలకెక్కని సేవ

పోరాటమంటే మనకు తుపాకీ పట్టిన మగవాళ్లే కళ్లముందు మెదులుతారు. మరి పాలకుర్తి ఐలమ్మ మాటేమిటి? కౌలుకు చేసుకున్న నాలుగెకరాల పంట కోసుకుపొమ్మని విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషుల్ని పంపితే, ఆ చాకలి ఇల్లాలు ఆంధ్రమహాసభ సంఘం అండతో ఎదురు నిలిచింది. ధాన్యం ఇంటికి చేర్చుకుంది. ఇల్లు తగలబెట్టినా లొంగలేదు.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక రగిలిన సాయుధ పోరు 1951 అక్టోబరుదాకా సాగింది. అన్నేళ్లూ దళాలకు అర్ధరాత్రి అన్నం వండిపెట్టిందీ, చీటీలు చేరవేసిందీ, గాయాలకు కట్లు కట్టిందీ ఎందరో ఆడవాళ్లు. జైలుకెళ్లినవారికి రుజువు కాగితం ఉంటుంది. వంటింటి సేవకు ఏముంటుంది చెప్పండి?

ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. మరుసటేడు స్త్రీశక్తి సంఘటనవారు ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరుతో ఆనాటి స్త్రీల మాటలు అచ్చువేయించారు. 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. సంతోషమే. కానీ మిగతావారి పేర్లో?

ఆ పని మనదే. ఇవాళే మీ అత్తగారిని, అమ్మగారిని అడగండి. ఆ రోజుల్లో వాళ్లమ్మ ఎవరికి అన్నం పెట్టిందో, ఎవరిని దాచిందో తెలుసుకోండి. పాల లెక్క రాసే పుస్తకంలోనైనా సరే, పేరూ ఊరూ రాసిపెట్టండి. చెప్పేవాళ్లుండగానే రాసుకోవాలి కదూ!