ఎర్ర నూనె వెనక తిమింగలం

అమెరికాలో పికప్ ట్రక్కు ఉన్న ఇళ్ల ముందు సెలవురోజు పొద్దున తరచూ కనిపించే దృశ్యం ఇది. ముందు చక్రాలను ర్యాంపుల మీదికి ఎక్కించి, వెనక చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, పాత అట్టపెట్టె పరుచుకుని, గేరు బాక్సు నూనె మార్చడానికి ఒకాయన బండి కిందికి దూరతాడు. ఆటోమేటిక్ గేరు బాక్సు అడుగున తట్టలాంటి రేకు ఉంటుంది. దాన్ని పాన్ అంటారు. షెవర్లే సిల్వరాడోల్లో ఏళ్ల తరబడి నడిచిన 4ఎల్60-ఇ గేరు బాక్సుకైతే పాన్ చుట్టూ 16 బోల్టులు. అన్నీ ఒక్కసారే ఊడదీస్తే నూనెతో తలంటే! అందుకే తెలిసినవాళ్లు ఒక పక్క బోల్టులను వదులు చేసి ఉంచి, రెండో పక్క నుంచి పాన్‌ను మెల్లగా వంచుతారు. కొత్త నూనె దానిమ్మ రసంలా ఉంటుంది, పాతబడితే డికాక్షన్ రంగుకు తిరుగుతుంది.

పాన్ అడుగున చిన్న అయస్కాంతం, దానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటాయి. ఆ ముద్దను వేళ్ల మధ్య రుద్దితే మెత్తగా కాటుకలా ఉందంటే అది మామూలు అరుగుదలే. గరుగ్గా ఇనప ముక్కలు తగిలాయంటే గేరు బాక్సుకు పెద్ద ఖర్చు రాబోతున్నట్టే.

ఇలా ఇంటి ముందే పని కానిచ్చుకునే వీలు ఊరికే రాలేదు. జనరల్ మోటార్స్‌లో ఎర్ల్ థామ్సన్ నాయకత్వంలో తయారైన హైడ్రామాటిక్ గేరు బాక్సు 1939 చివర్లో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లతో బజారుకొచ్చింది. క్లచ్ పెడల్ లేకుండా నడిచే బండి అప్పటికి వింతే. రెండో ప్రపంచ యుద్ధం రాగానే ఇదే గేరు బాక్సు ఎం5 స్టూవర్ట్ ట్యాంకులోకి చేరింది. రెండు కాడిలాక్ ఇంజన్లు, వాటికి రెండు హైడ్రామాటిక్‌లు. ట్రక్కుల వంతు కొంచెం ఆలస్యంగా వచ్చింది. ఫోర్డ్ ఎఫ్-100కు 1953లో, షెవర్లే పికప్పులకు 1954లో ఆటోమేటిక్ గేర్లు దొరికాయి.

ఈ గేరు బాక్సులో నూనె ఒక్క పని చేసి ఊరుకోదు. ఇంజన్ బలాన్ని మోసేది అదే, ఒత్తిడితో గేర్లు మార్చేది అదే, వేడిని లాగేదీ అదే. అన్నిటికన్నా చిక్కు లోపలి క్లచ్ పలకలతో. వాటిమధ్య నూనె మరీ జారుడుగా ఉంటే పట్టు దొరకదు, మరీ పట్టేస్తే గేరు మారిన ప్రతిసారీ బండి కుదుపుతుంది. ఈ రెంటి మధ్య సమతూకం తెచ్చింది స్పెర్మ్ తిమింగలం. దాని తలలోంచి, కొవ్వులోంచి తీసేది మామూలు కొవ్వు నూనె కాదు, ద్రవరూపంలో ఉండే మైనం. ఒకప్పుడు కొవ్వొత్తులకూ దీపాలకూ వాడిన ఆ సరుకే గంధకంతో కలిసి గేరు బాక్సుల్లోకి చేరింది.

1949లో జనరల్ మోటార్స్ ‘టైప్ ఎ’ అనే ప్రమాణం పెట్టింది. ఏ కంపెనీ నూనైనా షికాగోలోని ఆర్మర్ పరిశోధన సంస్థ పరీక్షలో నెగ్గితే డబ్బా మీద ‘ఏక్యూ-ఏటీఎఫ్’ అనే ముద్ర, దాని పక్కన ఒక నంబరు పడేవి. ఇంటి మెకానిక్ పుట్టింది ఆ ముద్రతోనే అనొచ్చు. డీలరు దగ్గరికే వెళ్లాల్సిన పని లేదు. పెట్రోలు బంకులో డబ్బా కొని, ఇంజన్ నడుస్తుండగా నూనె కొలిచే పుల్ల, అంటే డిప్‌స్టిక్ చూసుకుంటూ పోసుకోవచ్చు. ఎర్రరంగుదీ అలాంటి ఉపకారమే. బండి కింద మరక కనబడితే అది ఇంజన్ ఆయిలా, గేరు బాక్సుదా అని చూడగానే తేలిపోతుంది.

1967 నాటికి దారులు చీలాయి. జనరల్ మోటార్స్ డెక్స్‌రాన్ అనే కొత్త నూనె ప్రమాణం తెచ్చింది. ఫోర్డ్ టైప్ ఎఫ్ పట్టుకుంది. డెక్స్‌రాన్ గేరును మెత్తగా మారుస్తుంది, టైప్ ఎఫ్ టక్కున పట్టేస్తుంది. రెండూ ఎరుపే కాబట్టి రంగు చూసి ఒకదానికి బదులు ఇంకొకటి పోసినవాళ్లకు గేరు బాక్సే పాఠం చెప్పేది.

1970లో అమెరికా స్పెర్మ్ తిమింగలాన్ని అంతరించిపోయే జీవుల జాబితాలో పెట్టి, దాని నూనె దిగుమతికి తెర దించింది. దశాబ్దాలుగా నమ్ముకున్న సరుకు పోవడంతో రసాయన శాస్త్రవేత్తలకు చేతినిండా పని పడింది. 1973లో డెక్స్‌రాన్-2 వచ్చింది. ఆ వరసలో ఒక రకం రేడియేటరులోని కూలర్ లోహాన్ని తినేయడంతో కూర్పు మళ్లీ మార్చాల్సి వచ్చింది. ఎడారి మొక్క జొజోబా గింజల్లోనూ తిమింగలం నూనెను పోలిన ద్రవ మైనమే ఉందని తెలిసి, దాని సాగు మీద ఆసక్తి పెరిగింది. చివరికి ఆ చోటు ఎక్కువగా దక్కింది కృత్రిమ రసాయనాలకే.

ఇంటి పనికి ఒక చిక్కు మొదటి నుంచీ ఉంది. పాన్ విప్పితే నూనె అంతా రాదు. 4ఎల్60-ఇలో మొత్తం 11 క్వార్టుల పైచిలుకు పడితే, పాన్‌తో దిగేది సుమారు 5. మిగతాది చాలావరకు ఇంజన్ బలాన్ని నూనె ద్వారా గేర్లకు అందించే టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. పాతకాలపు కన్వర్టర్లకు నూనె దించే బిరడా ఉండేది, తర్వాతి వాటిలో అది మాయమైంది. చాలా బండ్లలో పాన్‌కే బిరడా పెట్టలేదు. ఆ తర్వాత డిప్‌స్టిక్ కూడా కనబడకుండా పోయింది. ‘జీవితాంతం మార్చనక్కర్లేదు’ అనే మాట ప్రచారంలోకొచ్చింది. ఎవరి జీవితం అన్నది మాత్రం తేలలేదు.

అయినా పట్టు వదలనివాళ్లున్నారు. 6ఆర్80 గేరు బాక్సున్న ఫోర్డ్ ఎఫ్-150లో డిప్‌స్టిక్ బోనెట్ కింద దొరకదు. బండి కిందికి దూరి, గేరు బాక్సు పక్కనున్న మూత విప్పితే దానికి వేలెడంత పుల్ల వేలాడుతుంది. నూనె దాదాపు 200 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు వేడెక్కాక, ఇంజన్ నడుస్తుండగానే కొలత చూడాలి. ఆ మూత పక్కనే కాలుతున్న ఎగ్జాస్ట్ గొట్టం. మందపాటి గ్లవ్స్ తొడుక్కుని, భుజం వంచి చెయ్యి దూర్చి, టార్చి వెలుగులో పుల్ల మీది ఎర్ర గీతను వెతుక్కుంటారు.