తిరూరు క్షేత్రము, తిరుత్తణి చేలు: పైరు పోషక పరీక్షల పూర్వోత్తరములు

మద్రాసు నుండి అరక్కోణమునకు పోవు రైలుమార్గమున, తిరువళ్ళూరు చేరకముందే, సెవ్వాపేట రోడ్డు స్టేషనుకు సమీపమున తిరూరు గ్రామము కలదు. ఇచ్చట 1942లో వరి పరిశోధన క్షేత్రము నెలకొల్పబడినది. బర్మా జపానీయుల వశమై, అచ్చటి బియ్యము మద్రాసు రేవునకు రాక నిలిచిపోయిన సంవత్సరమును అదియే. ఈ క్షేత్రమున పుట్టిన వరివంగడములు టి.కె.ఎం. అను అక్షరములతో వ్యవహరింపబడుచున్నవి. తిరూర్కుప్పము అను ఊరిపేరునకు అది సంక్షేపము. విత్తనము మూలమున ఆ అక్షరములు రైతులకు పరిచితములే. కాని అదే క్షేత్రమున చిన్న చిన్న మళ్ళలో ఎరువును తూచి చల్లి, పంటను తూచి వ్రాసికొను పనికి అంతటి ప్రసిద్ధి రాలేదు. విత్తనమునకు పేరుండును, ఎరువు పరీక్షకు పేరుండదు.

క్షేత్రమును చూడవచ్చిన రైతు అడుగు ప్రశ్న ఒక్కటే: ఇచ్చట పండినది నా చేనిలో పండునా? దక్షిణదేశమున పోషక పరీక్షల చరిత్ర అంతయు ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే యనిన అతిశయోక్తి కాదు.

మొదటి ప్రయత్నము మద్రాసు చెంత సైదాపేటలో జరిగినది. గవర్నరు సర్ విలియం డెనిసన్ కాలమున, 1860-70 దశకమున, అచ్చట ప్రయోగక్షేత్రము వెలసెను; దానిని ఆశ్రయించి వ్యవసాయ పాఠశాలయు పుట్టెను. సీమనాగళ్ళు, ఆవిరియంత్రములు తెప్పించిరి. ఒంటెద్దుకో రెండెద్దులకో మించి స్తోమతు లేని రైతునకు ఇవి వింతవస్తువులుగా తోచెనేగాని అనుసరణీయములుగా తోచలేదు. ఇంగ్లండు నుండి వచ్చిన రసాయనశాస్త్రజ్ఞుడు జె.ఎ. వోల్కరు 1889 మొదలు దేశమంతయు తిరిగి 1893లో ప్రకటించిన నివేదికలో ఒక మంచిమాట చెప్పెను. భారతీయ కర్షకునకు నేర్పు కొరవడలేదనియు, పేడను పిడకలు చేసి కాల్చుటకు కారణము అజ్ఞానము కాక వంటచెరకు లేమియే యనియు ఆయన అభిప్రాయము. ఆనాటి అధికారులలో ఇట్టి దృష్టి అరుదు.

1906లో వ్యవసాయ విద్యాలయము సైదాపేట నుండి కోయంబత్తూరునకు తరలినది. అచ్చట 1909లో ప్రారంభించిన శాశ్వత ఎరువుల పరీక్ష నూరేండ్లకు మించి సాగినది. ఇంగ్లండులోని రోతమ్‌స్టెడ్డులో 1843లో లాస్, గిల్బర్టులు మొదలుపెట్టిన గోధుమ చేను దీనికి మార్గదర్శకము. ఒక మడికి నత్రజని మాత్రమే, ఒక మడికి భాస్వరము మాత్రమే, ఒక మడికి పొటాషు మాత్రమే, వేరొకదానికి మూడును, ఇంకొకదానికి పశువుల పెంట. ఒకదానికి ఏమియు లేదు. ఏటేట ఆ మడికి అదియే. 1913లో హారిసన్, సుబ్రహ్మణ్య అయ్యరు గారలు నీరు నిలిచిన వరిమడి నుండి వెలువడు వాయువులను పరిశీలించి, నేలపై పేరుకొను నాచుపొర వేళ్ళకు ప్రాణవాయువు నందించుటలో తోడ్పడునని చూపిరి. 1926లో మెకారిసన్, భాగవతుల విశ్వనాథ్ గారలు ఆ పరీక్షామళ్ళ ధాన్యమునే ప్రాణులకు మేపి, పెంట వేసిన మడిధాన్యము పుష్టిలో మెరుగని ప్రకటించిరి. ఎరువును పంట తూకముతోనేకాక, తిన్నవాని ఆరోగ్యముతో కొలిచిన పరిశోధన అది. పిమ్మట ఇంపీరియల్ వ్యవసాయ పరిశోధన సంస్థకు అధ్యక్షుడైన తొలి భారతీయుడు ఈ విశ్వనాథ్ గారే.

పరీక్షావిధానమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. చూచువారికి అది గట్లతో నిండిన గళ్ళబట్టవలె కనబడును. నత్రజని, భాస్వరము, పొటాషు వేయుట, మానుట అను భేదములతో 8 కూర్పులగును. ఒక్కొక్కటి నాలుగుమారులు వేసిన 32 మళ్ళు కావలెను. మూడేసి మోతాదులైనచో కూర్పులే 27. ఒక మడినీరు మరియొక మడిలోనికి పారరాదు, పారినచో కరిగిన ఎరువు కూడ పోవును. అందుచే ప్రతి మడికి వేరుగా నీరు పెట్టుదురు. అంచుసాళ్ళను విడిచి నడిమి పైరునే కోసి తూచుదురు. ఏ మడికి ఏ ఎరువో చీటివేసి నిర్ణయించు పద్ధతిని రోతమ్‌స్టెడ్డులో ఆర్.ఎ. ఫిషరు స్థిరపరచెను, లేనిచో పల్లపు మడి సారము ఎరువు ఖాతాలో జమపడును. కూర్పులు మితిమీరినప్పుడు కొన్నింటితోనే పని నెరవేర్చుకొను గణితమార్గమును 1940-50 దశకమున చూపినవాడు తెలుగువాడైన కల్యంపూడి రాధాకృష్ణరావు.

ఇంతచేసినను తిరూరు మడిలో తేలిన లెక్క తిరూరు నేలకే చెల్లును. తిరువళ్ళూరు ప్రాంతమున చెఱువుల క్రింది మాగాణి అధికము. సొర్ణవారి, సాంబ, నవరై అని మూడు పట్లు వరి నాటుదురు. తిరుత్తణి కొండల దాపున ఎఱ్ఱనేలలు, వేరుశనగ, చెఱకు. రెంటికి ఒకే మోతాదు చెప్పుట ఒకే మందును ఇద్దరు రోగులకిచ్చుట వంటిది. స్కాట్లండు శాస్త్రజ్ఞుడు ఎ.బి. స్టూవర్టు 1947 నాటి నివేదికలో, పరీక్షలు ప్రభుత్వక్షేత్రపు గట్టు దాటి రైతు పొలములకు పోవలెనని నొక్కి చెప్పెను. తరువాతి దశకమున అట్టి సులభపరీక్షలు దేశమంతట ఆరంభమైనవి. సైదాపేట వదలిన ప్రశ్నకు ఇదియే సరియైన జవాబు.

నేలతోపాటు మొక్కయు మారవలసివచ్చెను. పాతకాలపు పొడుగువరికి నత్రజని హెచ్చినచో వెన్ను బరువునకు పైరు పడిపోవును. ఎరువు ఖర్చు గడ్డిపాలు. జి.ఇ.బి. 24, కో 18 వంగడముల సంకరమున 1952లో తిరూరు నుండి వెలువడిన టి.కె.ఎం. 6కు ఈ బలహీనత ఉన్నను, కాండము తొలుచు పురుగును తట్టుకొను గుణమును ఉండెను. 1966లో వచ్చిన పొట్టివరి ఐ.ఆర్. 8తో దీనిని కలిపి కటకము వారు రత్న అను వంగడమును సాధించిరి. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ సంస్థ 1969లో విడుదలచేసిన ఐ.ఆర్. 20కిని టి.కె.ఎం. 6 ఒక జనకము.

పొట్టివరి ఎరువును ఓర్చుకొనెను, కాని నీటిమడి ఎరువును నిలుపుకొనలేదు. పైపొరలో నైట్రేటుగా మారిన నత్రజని అడుగుబురదలోనికి దిగి వాయువై ఎగిరిపోవును. యూరియా 5 పాళ్ళు, జిప్సము 4 పాళ్ళు, వేపపిండి 1 పాలు కలిపి చల్లుమను సలహా ఈ నష్టమును అరికట్టుటకే; వేపలోని ద్రవ్యములు ఆ మార్పును మందగింపజేయును. మూడు పోషకములే చాలునను నమ్మకమును 1966లో సడలినది. పంతనగరమున వై.ఎల్. నేనె వరిలోని ఖైరా తెగులునకు జింకు లోపమే కారణమని కనిపెట్టెను. హెక్టారుకు 25 కిలోల జింకు సల్ఫేటు అనునది అటుపిమ్మట తమిళనాట సర్వసామాన్యమైన సిఫారసు.

తిరుత్తణి సంగతి వేరొక విధమున గూడ విచారింపదగినది. కార్వేటినగర జమీకి చెందిన ఆ సీమ 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరెను. 1960 ఏప్రిల్ 1న, పటాస్కరు తీర్పు ననుసరించి, మద్రాసు రాష్ట్రమునకు సంక్రమించెను. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడగా తిరూరును తిరుత్తణియు ఒకే జిల్లావైనవి. సరిహద్దు కదలినను నేల కదలలేదు. కాని నేలను గూర్చి చెప్పు భాష కదలినది. పచ్చిరొట్టకై తెలుగు రైతు వెంపలి యనునది సర్కారు కరపత్రమున కొళుంజి; అతని జనుము అందు సణప్పు. మందకట్టుట, చెఱువు ఒండ్రు తోలుట, కానుగాకు త్రొక్కుట మొదలగు మాటలు ఇంటివాడుకలో మిగిలి, శాస్త్రపు వ్రాతలోనికి ఎక్కలేదు. ఇరుభాషల రైతులు పక్కపక్క చేలలో పనిచేయుచు రెండు పేర్లను ఎరిగియుండుటచే సేద్యము ఆగలేదు. తెలుగున ఆ విషయమై వ్రాత మాత్రము ఆగినది.

2015లో కేంద్రప్రభుత్వము భూసారపత్రముల పథకము ప్రవేశపెట్టినది. అందు రైతు స్వంత చేని మట్టికి సంబంధించిన 12 అంశములు, నత్రజని మొదలు జింకు, బోరాను వరకు, వ్రాసియిత్తురు. తిరుత్తణి తెలుగు గ్రామములలో ఆ పత్రమును చదివి తండ్రికి తెలుగున చెప్పువారు తమిళబడిలో చదివిన పిల్లలే.