ఏలూరు నుంచి జిద్దా: ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు?

ఏలూరు నుంచి జిద్దాకు ఆకాశమార్గంలో గీత గీస్తే దాదాపు 4,400 కిలోమీటర్లు. కానీ ఏలూరులో విమానాశ్రయం లేదు. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉన్నా అక్కడ ఏ విమానమూ ఎక్కలేం. దగ్గర్లో ఉన్నది గన్నవరం, ఏలూరుకు 40 కిలోమీటర్లు. 2023లో హజ్ విమానాలు అక్కడి నుంచే వెళ్లాయి. అయితే ఏటా అలాగే ఉంటుందని అనుకోకుండా, ఆ ఏడాది హజ్ కమిటీ ప్రకటన చూసుకోవాలి. ఉమ్రాకు వెళ్లే ఏలూరు, కైకలూరు కుటుంబాలకు మాత్రం అలవాటైన దారి శంషాబాదే.

హైదరాబాద్ నుంచి జిద్దా సుమారు 4,100 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానంలో ఐదున్నర నుంచి ఆరు గంటలు, తిరుగు ప్రయాణం సుమారు ఐదు గంటలు. పైన గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంటుంది, చలికాలంలో ఇంకా జోరుగా. అందుకే వెళ్లేటప్పుడు ఎక్కువసేపు పడుతుంది. దుబాయ్, దోహా, మస్కట్‌లలో మారే టికెట్ ఒక్కోసారి చవకగా దొరుకుతుంది కానీ పది, పదిహేను గంటలు కూడా పట్టొచ్చు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఆ తేడా డబ్బు గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

టికెట్ మీద ఉండేది ఎక్కడి టైము అక్కడిదే. సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. హైదరాబాద్‌లో ఉదయం 10కి ఎక్కితే జిద్దాలో మధ్యాహ్నం 1:15కి దిగుతారు. చూడ్డానికి మూడుంపావు గంటలే, కానీ గాల్లో గడిపింది ఐదుముప్పావు.

ఆ విమానం అందుకోవాలంటే ఏలూరులో అర్ధరాత్రికే కారెక్కాలి. శంషాబాద్‌కు సుమారు 340 కిలోమీటర్లు, ఆరేడు గంటల దారి. మూడు గంటల ముందే అక్కడుండాలి కదా. రైల్లో రాత్రి ఎక్కి తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగొచ్చు, కానీ రైలు లేటైతే అంతే సంగతులు. ఒకరోజు ముందు వెళ్లడమే మేలు. జిద్దాలో ఇమ్మిగ్రేషన్, లగేజీ అయ్యాక మక్కాకు మరో గంటన్నర. ఏలూరు గుమ్మం నుంచి మక్కా హోటల్ దాకా ఇరవై గంటలు పడుతుంది. షుగర్, బీపీ మందులు చేతిసంచిలోనే పెట్టుకోవాలి.

ఎహ్రామ్ బట్టలూ అంతే. జిద్దాలో దిగడానికి సుమారు అరగంట ముందే విమానం మీఖాత్ దాటుతుంది. బట్టలు పెద్ద సూట్‌కేసులో వేసి పంపేస్తే అప్పుడు చేసేదేమీ ఉండదు. చాలామంది శంషాబాద్‌లోనే కట్టుకుని, మీఖాత్ దగ్గరపడిందని అనౌన్స్‌మెంట్ రాగానే నియ్యత్ చేసుకుంటారు. ముందు మదీనాకు వెళ్లేవాళ్లకు ఈ తొందర లేదు, వాళ్ల మీఖాత్ మదీనా దాటాక జుల్ హులైఫా.

రంజాన్‌లో రోజాతో పగటి విమానం ఎక్కితే ఇంకో సంగతి. పడమరకు పోతున్నకొద్దీ సూర్యుడు ఆలస్యంగా దిగుతాడు. జిద్దా చేరేసరికి ఆ రోజు రెండున్నర గంటలకు పైగానే సాగుతుంది. ఇఫ్తార్ ఏలూరు టైముకు కాదు, ఉన్నచోట సూర్యుడు అస్తమించాకే. ప్రయాణికులకు రోజా మానుకుని తర్వాత ఖజా చేసుకునే వెసులుబాటు ఉంది.

తిరిగొచ్చేటప్పుడు తేదీతో జాగ్రత్త. జిద్దాలో గురువారం రాత్రి 11కి ఎక్కినవాళ్లు శుక్రవారం ఉదయం 6:30కి శంషాబాద్‌లో దిగుతారు. తీసుకురావడానికి వెళ్లే కారు గురువారం రాత్రే ఏలూరులో బయల్దేరాలి.