అగ్నిమాపక దళము ఎవరిది?

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు అను సామెత మన శ్రోతలకు తెలియనిది కాదు. బావి ముందుగనే త్రవ్వి యుంచవలెననుటలో ఎవరికిని వివాదము లేదు. అయితే ఆ బావిని ఎవరు త్రవ్వవలెను, ఎవరి సొమ్ముతో త్రవ్వవలెను? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము దొరకుటకు లండన్ వంటి మహానగరమునకే రెండు వందల సంవత్సరములు పట్టినది. ఆ వృత్తాంతమును ఇచట ముచ్చటింపదలచితిమి.

1666 సెప్టెంబరు 2వ తేదీన లండన్ నగరములో పుడ్డింగ్ లేన్ అను సందులోని ఒక రొట్టెల దుకాణములో పుట్టిన నిప్పు నాలుగు దినములు రగిలెను. పదమూడు వేలకు పైగా ఇండ్లు, 87 చర్చీలు, సెయింట్ పాల్ మహాదేవాలయము బూడిదయ్యెను. ఆనాటి ప్రజల చేతిలో నున్నవి తోలు బక్కెట్లు, ఇండ్లను లాగి పడవేయు పొడుగాటి కొక్కెములు, నీటిని చిమ్ము చిన్న చిన్న యంత్రములు మాత్రమే. ఇంత ఉత్పాతము జరిగిన పిమ్మట నగరము తనకొక దళమును ఏర్పరచుకొనియుండునని మన మనుకొందుము. అట్లు జరుగలేదు. దాని నుండి పుట్టినది వ్యాపారము. కొలది సంవత్సరములకే ఇన్సూరెన్సు కంపెనీలు వెలసి, తాము హామీ యిచ్చిన యిండ్ల గోడలకు తమ గుర్తులు గల లోహపు బిళ్లలను కొట్టించెను. థేమ్సు నదిలో పడవలు నడుపువారిని కూలికి కుదుర్చుకొని, వారికి రంగు రంగుల దుస్తులిచ్చి మంటలార్పు పనికి నియమించెను.

బిళ్ల లేని యిల్లు కాలుచున్నచో ఈ దళములవారు చేతులు కట్టుకొని చూచెడివారని ఒక కథ ప్రచారములో నున్నది. ఇది చాలవరకు కట్టుకథయే. ప్రక్క యిల్లు తగులబడినచో తమ యిల్లును మిగులదని కంపెనీలవారికి తెలియదా? కాని ఒక్క మాట నిజము. డబ్బు కట్టనివానిని కాపాడవలసిన బాధ్యత వారికి లేదు. కాపాడినచో అది వారి దయ.

ఈ స్థితిని మార్చుటకు మార్గము చూపినవాడు స్కాట్లండులోని ఎడింబరో నగరవాసి, జేమ్స్ బ్రెయిడ్వుడ్. 1824లో ఆ నగరమున ఒక అగ్నిమాపక దళమును నెలకొల్పి, 24 ఏండ్ల ఈ యువకుని దానికి అధిపతిని చేసిరి. అతడు ఆ పదవిలో కుదురుకొనకమునుపే, నవంబరు 15వ తేదీ రాత్రి, నగరము నడిబొడ్డున అనేక అంతస్తుల మేడలు ఇరుకుగా నిలిచియున్న చోట నిప్పు పుట్టెను. న్యాయాధికారులు వచ్చిరి, ఇన్సూరెన్సువారు వచ్చిరి, ఊరి పెద్దలు వచ్చిరి. ఒకరు ఇటు నీరు కొట్టుమనిరి, ఒకరు అటు కొట్టుమనిరి. నలుగురు పెద్దమనుష్యులు నాలుగు ఆజ్ఞలిచ్చు చోట ఏమగునో వేరుగ చెప్పనేల! వందలాది కుటుంబములు నిలువ నీడ లేనివయ్యెను. పిమ్మట జరిగిన విచారణలో, ఆజ్ఞాపించు అధికారము చాలినంతగా లేనందుననే బ్రెయిడ్వుడ్ చేయగలిగినది చేయలేకపోయెనని తేలెను. నిప్పు వద్ద ఆజ్ఞాపించువాడు ఒక్కడే యుండవలెనను సూత్రము అటుల స్థిరపడెను.

బ్రెయిడ్వుడ్ తన దళమునకు మనుష్యులను ఎన్నుకొన్న తీరు మాకు మిక్కిలి ముచ్చట గొలుపును. పలక రాళ్లతో కప్పులు వేయువారికి ఎత్తు భయము లేదు. వడ్రంగులు, తాపీ పనివారు ఇంటిని బయటినుండి చూచియే మెట్లెచట నున్నవో, గదులెట్లున్నవో గ్రహింపగలరు. గొట్టముల పనివారికి నీటి కుళాయిల సంగతి తెలియును. వీరికి అతడు వేకువ జామున, చీకటిలో, సాధన చేయించెడివాడు. అంతవరకు మంటలార్పుటయన వీథిలో నిలిచి కిటికీలలోనికి నీరు చిమ్ముటయే. అట్లుగాక లోనికి చొచ్చి, నిప్పు కుదురు ఎచట నున్నదో కనుగొని దానిపైననే నీరు కొట్టవలెననియు, పొగలో నేల నంటుకొని పాకుచు పోవలెననియు, ఏ ఒక్కడును ఒంటరిగా లోనికి పోరాదనియు అతడు నేర్పెను. ఈ విషయములన్నిటిని 1830లో ఒక గ్రంథముగా ప్రకటించెను.

1833లో లండన్‌లోని పది ఇన్సూరెన్సు కంపెనీలు తమ దళములను ఏకము చేసి బ్రెయిడ్వుడ్‌ను పిలిపించినవి. అంత పెద్ద నగరమునకు 80 మంది. ఇక్కడ అతడు నావికుల నెక్కువగా చేర్చుకొనెను. ఆజ్ఞకు ఎదురాడనివారు, రాత్రి పగలు తేడా లేనివారు వారే కదా! 1834 అక్టోబరు 16వ తేదీ రాత్రి పార్లమెంటు భవనములే అంటుకొన్నవి. అవి ఏ కంపెనీ హామీలోను లేవు. అయినను ఈ కంపెనీ ఉద్యోగులే పోయి, ప్రాచీనమైన వెస్ట్ మినిస్టర్ హాలును దక్కించిరి. రాజ్యము నడుపు శాసనసభ సైతము దయాభిక్షపై ఆధారపడవలసి వచ్చెనన్నమాట.

ఇంకొక వింత. కంపెనీ దళము పుట్టినది ఆస్తి రక్షణకు. ప్రాణ రక్షణకు వేరొక సంఘము 1836లో వెలసినది. చందాలతో నడచు ఈ సంఘమువారు చక్రముల మీద పొడవైన నిచ్చెనలు నిలిపి, రాత్రులు వీథి మొగలలో కాచుకొని యుండెడివారు. ఒకే నిప్పునకు సామాను కొరకు ఒకరు, మనుష్యుల కొరకు ఒకరు!

1861 జూన్ 22వ తేదీన థేమ్సు దక్షిణపు టొడ్డున, టూలీ వీథి చెంత, కాటన్స్ వార్ఫ్ గిడ్డంగులలో నిప్పు బయలుదేరెను. జనుము, ప్రత్తి, క్రొవ్వు, సురేకారము, పంచదార, సుగంధ ద్రవ్యములు అందు నిండియుండెను. నిప్పు నాపుటకై పెట్టిన ఇనుప తలుపులను మూయకయే వదలిరి. నది పాటులో నున్నందున నీరు చాలినంత అందలేదు. ఆ సాయంకాలము అలసిన తన వారికి బ్రెయిడ్వుడ్ స్వయముగా బ్రాందీ పంచుచుండగా గోడ యొకటి విరిగి అతనిపై బడెను. రెండు దినముల తరువాత గాని శవము దొరకలేదు. నిప్పు పూర్తిగా ఆరుటకు రెండు వారములు పట్టెను. అతని అంతిమయాత్ర మైలున్నర పొడవున సాగినది.

నష్టము ఇరువది లక్షల పౌన్లని అంచనా. కంపెనీలు దిగులు పడి, ఈ భారము నింక మోయలేమని 1862లో ప్రభుత్వమునకు వ్రాసినవి. లాభము చూచుకొనువారు నష్టము వచ్చిన నాడు తప్పుకొనుటలో ఆశ్చర్యము లేదు. 1865లో చట్టమైనది. 1866 జనవరి 1వ తేదీ నుండి మెట్రోపాలిటన్ ఫైర్ బ్రిగేడ్ ఐర్ మాసీ షా ఆధిపత్యమున నగర సంస్థ క్రింద పని ప్రారంభించెను. 1867లో వీథి నిచ్చెనలును దానికే చేరినవి. ఆస్తియు ప్రాణమును ఒకే చేతిలోనికి వచ్చినవి. ఖర్చునకు ప్రభుత్వము ఏటేట 10,000 పౌన్లు, కంపెనీలు తాము హామీ యిచ్చిన ప్రతి పది లక్షల పౌన్లకు 35 పౌన్లు ఇచ్చునట్లు ఏర్పాటు. మిగిలినది ఇంటిపన్ను. ఇంటి వార్షిక విలువలో పౌనుకు అర పెన్నీ మించరాదు. ఏటికి 20 పౌన్ల విలువ గల చిన్న యింటివానిపై పడినది 10 పెన్నీలు. అతని గోడకు ఏ బిళ్లయు కొట్టనక్కరలేదు.