కుంచానికి తాలు, కాటాకు తేమ

ఈసారి పోస్టు కొంచెం పొడుగైంది. తీరిక చూసుకుని చదవండి.

మొన్న సార్వా ధాన్యం అమ్మినప్పటి సంగతి. నాలుగు రోజులు ఎండబెట్టాను. నాలుగో రోజు సాయంత్రం కల్లంలోనే తెలిసినాయన తేమ మిషన్‌తో చూస్తే 16.2 వచ్చింది. పరిమితి 17 కదా, గండం గడిచిందనుకుని బస్తాలు కట్టించేశాను. మర్నాడు కొనుగోలు దగ్గర అదే ధాన్యం 17.9 చూపించింది. "రాత్రి మంచు కూడా పడలేదు బాబూ, ఇదెలా పెరిగింది?" అంటే, "నేను చెప్పేదేముందండీ, మిషన్ చెప్పింది" అన్నాడు ఆ కుర్రాడు. బస్తాకింత తరుగు అన్నారు. ఒప్పుకోకపోతే మళ్లీ దింపి ఆరబెట్టుకోమన్నారు. లారీ బాడుగ, కూలీ లెక్కేసుకుని తరుగుకే ఒప్పుకున్నాను.

ఇంటికొచ్చాక కోపం తగ్గింది గానీ ఒక ప్రశ్న మిగిలిపోయింది. మా తాత జన్మలో "తేమ శాతం" అన్న మాట అనలేదు. ఆయనా ధాన్యం అమ్మాడు, కొన్నవాడూ మోసపోలేదు. మరి ఈ మాట ఎప్పుడు పుట్టింది? ఎందుకు పుట్టింది? తెలిసినవాళ్లను అడిగి, దొరికింది చదివి, నాకు అర్థమైంది రాస్తున్నాను.

తాతగారి రోజుల్లో ధాన్యాన్ని తూచేవాళ్లు కాదు, కొలిచేవాళ్లు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఐదు తూములైతే ఏదుము, పది అయితే పందుము. ఊరూరికీ కుంచం కొంచెం తేడా ఉండేది గానీ వరస ఇదే. కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని "ఒకటి" అనేవాళ్లు కాదు, "లాభం" అని మొదలుపెట్టి తర్వాత "రెండు" అనేవాళ్లు. తూకం లేదని కాదు. బెల్లానికి, పత్తికి, చింతపండుకి వీశెలు, మణుగులు ఉండేవి. గింజకి మాత్రం కుంచమే.

ఆ కుంచాలు పోయినా మాటలు పోలేదు చూడండి. పుట్టెడు దుఃఖం అంటాం, గంపెడాశ అంటాం, చారెడేసి కళ్లు అంటాం. దుఃఖాన్ని కూడా కిలోల్లో కాకుండా పుట్లలో కొలుచుకున్న జాతి మనది.

ఇప్పుడు అసలు విషయం. కుంచం దేన్ని కొలుస్తుంది? గింజ ఎంత చోటు ఆక్రమించిందో కొలుస్తుంది. అంతే. బరువు దానికి తెలీదు. అందుకని కుంచం కాలంలో కొనేవాడి భయమంతా తాలు గురించి. తాలుగింజ లోపల బియ్యం లేకపోయినా గట్టిగింజ పట్టినంత చోటూ పడుతుంది. కుంచెడు ధాన్యంలో పావు వంతు తాలుంటే పావు వంతు ఊక కొన్నట్టే. అందుకే తూర్పారబట్టడానికి అంత విలువ. గాలికి ఎత్తి పోస్తే గట్టిగింజ కాళ్ల దగ్గర పడేది, తప్ప, తాలు దూరంగా పడేవి. సైజు ఒకటే, బరువు వేరు. మనం ఇంటర్లో "సాంద్రత" అని బట్టీ పట్టింది ఇదేనండీ. చదువురాని మా నాయనమ్మ చేట పట్టుకుని రోజూ చేసిన పని అది. ఆవిడకి ఆ మాట తెలీదు, గట్టిగింజ, తాలు అన్న రెండు మాటలు తెలుసు. ఆ రెండూ సరిపోయేవి.

కుంచం కాలంలో రెండో తగాదా పోసే తీరు మీద. ఎత్తు నుంచి పోసి, కుంచాన్ని రెండుసార్లు గుద్దితే గింజ దగ్గరగా సర్దుకుని ఎక్కువ పడుతుంది. మెల్లగా పోస్తే తక్కువ పడుతుంది. పైన కుప్ప నిలబెట్టాలా, అంచుకి కర్రతో కొట్టెయ్యాలా అన్నది ఇంకో గొడవ. కుంచం మూతి వెడల్పుగా ఉంటే కుప్ప పెద్దదవుతుంది, అదీ కొనేవాడికి లాభమే. ఇది కొత్త తగాదా కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే కొలపాత్ర ఎండిన చేవ కర్రతో చెయ్యాలని, పైన కుప్ప కొలతలో నాలుగో వంతు ఉండాలని, లేదంటే ఆ కుప్ప కూడా లోపలే పట్టేట్టు చెయ్యాలని రాశారు. ఆ కుప్పకి ఆయన వాడిన మాట శిఖ, అంటే మన సిగ. చేవ కర్ర ఎందుకన్నాడంటే, పచ్చి కర్ర ఎండితే ముడుచుకుపోయి కొలత మారుతుంది. కొలిచే సరుకు గుణమే కాదు, కొలిచే పాత్ర గుణం కూడా చూసుకోవాలని అప్పుడే తెలుసన్నమాట.

ఇదే తగాదా ఫ్రాన్స్ దేశంలో చరిత్రనే మార్చింది. అక్కడా రైతులు జమీందారులకి శిస్తు ధాన్యం కొలపాత్రలతోనే కొలిచి ఇచ్చేవాళ్లు. ఊరికో కొలత, దొరకో కొలత. పేరు మారకుండా పాత్ర మాత్రం పెరుగుతూ వచ్చేది. 1789లో విప్లవానికి ముందు జనం రాజుకి రాసుకున్న ఫిర్యాదుల్లో ఈ కొలతల మొర చాలాచోట్ల ఉంది. దేశమంతా ఒకే కొలత కావాలన్నారు. అందులోంచే 1795లో మెట్రిక్ చట్టం వచ్చింది. ఎవరి చెయ్యీ, ఎవరి పాత్రా ఆధారం కాకూడదని నీళ్లనే ఆధారం చేసుకున్నారు. లీటరు నీళ్ల బరువు ఒక కిలో. 1799లో దానికి సమానంగా ప్లాటినం దిమ్మె చేశారు. తర్వాత 1889 నుంచి ప్లాటినం, ఇరీడియం కలిపిన దిమ్మె ఒకటి పారిస్ పక్కన సెవ్ర్‌లో పెట్టి ప్రపంచం మొత్తానికి అదే కిలో అన్నారు. 2019 మే 20 నుంచి ఆ దిమ్మెని కూడా పక్కనపెట్టి, ప్రకృతిలో మారని ఒక సంఖ్యతో కిలోని నిర్వచించారు. మన కాటా మీది కిలో వెనక కథ ఇంత ఉంది. అది మొదలైంది మనలాంటోళ్ల మొర నుంచే.

మన దేశంలో 1956లో చట్టం చేశారు. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు దశలవారీగా తెచ్చారు. 1960లు వచ్చాక సేరూ, వీశే మెల్లగా సంతల్లోంచి తప్పుకున్నాయి. ధాన్యం బస్తాల్లోకి, బస్తా కాటా మీదికి వచ్చింది. మా నాన్న ఆ రోజులు తలుచుకుని "కుంచం పోయి కాటా వచ్చాక గుద్దుడు కొలత బాధ తప్పిందిరా" అనేవాడు. నిజమే. కాటా మీద ఎలా పోసినా బరువు ఒకటే. తాలు మోసమూ చాలావరకు పోయింది, తాలుకి బరువు లేదు గనక.

అయితే ఒక తలుపు మూస్తే ఇంకోటి తెరుచుకుంది. కుంచానికి తెలియనిది బరువు. కాటాకి తెలియనిది ఆ బరువు దేనిదన్నది. బియ్యం బరువో, నీళ్ల బరువో దానికి ఒకటే. కాబట్టి కుంచం కాలంలో తాలు ఎంత పెద్ద మాటో, కాటా కాలంలో తేమ అంత పెద్ద మాట అయ్యింది. కొలత మారితే సరుకులో ఏ గుణం ముఖ్యమో కూడా మారిపోతుంది. నాకు అర్థమైన చరిత్ర ఇంతేనండీ, మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

పాలల్లోనూ ఇదే జరిగింది. అమెరికాలో వెన్న, జున్ను ఫ్యాక్టరీలు పాలకి బరువు చూసి డబ్బులిచ్చే రోజుల్లో కొందరు నీళ్లు కలిపేవాళ్లు, కొందరు మీగడ తీసి పోసేవాళ్లు. చిక్కటి పాలు పోసేవాడికీ అదే రేటు. లాక్టోమీటర్‌తో దొరకదా అంటే, నీళ్లు కలిపితే పాలు పలచనై సాంద్రత తగ్గుతుంది, మీగడ తీస్తే సాంద్రత పెరుగుతుంది. రెండూ చేసినవాడికి రీడింగ్ సరిగ్గా వస్తుంది! 1890లో విస్కాన్సిన్‌లో స్టీఫెన్ బాబ్‌కాక్ అనే ఆయన ఆమ్లం పోసి, గిర్రున తిప్పి వెన్న శాతం తేల్చే పరీక్ష కనిపెట్టాడు. పేటెంట్ కూడా తీసుకోలేదు. ఇవాళ మన పాలకేంద్రంలో ఫ్యాట్ ఎంత అని అడిగేది ఆ దారిలో వచ్చిందే. ఆ మాట నిజాయితీగా పాలు పోసేవాడిని కాపాడింది.

ధాన్యం తేమ సంగతీ ఆ కాలంలోదే. గింజలో నీరు తెలుసుకోడానికి పాత పద్ధతి సూటిగా ఉంటుంది. తూచు, వేడిపెట్టి ఆరబెట్టు, మళ్లీ తూచు. తగ్గిందంతా నీరే. తప్పులేని పద్ధతే గానీ గంటలు పడుతుంది, కాటా దగ్గర కుదరదు. అమెరికా వ్యవసాయ శాఖలో 1907లో బ్రౌన్, డువెల్ అనే ఇద్దరు గింజల్ని నూనెలో కాచి, ఆవిరైన నీటిని పట్టి కొలిచే పద్ధతి తెచ్చారు. 1908లో బ్రిగ్స్ అనే ఆయన ఇంకో దారి పట్టాడు. గింజల గుండా కరెంటు పంపి చూశాడు. నీరు పెరిగేకొద్దీ కరెంటుకి అడ్డు తగ్గుతుంది. 13 శాతం తేమ ఉన్న గోధుమ 14 శాతం దానికన్నా ఏడు రెట్లు, 15 శాతం దానికన్నా యాభై రెట్లు కరెంటుని అడ్డుకుంటుందని తేల్చాడు. మన తేమ మిషన్లకి తాత అదే.

ఇక్కడ ఆగి ఆలోచించండి. మిషన్ నీటిని చూడదు. గింజలో కరెంటు గుణాన్ని చూసి, దాన్నిబట్టి నీరు ఇంత ఉండొచ్చని చెబుతుంది. అందుకే ఏ పంటకి ఆ పంట సెట్టింగ్ పెట్టాలి. గింజ వేడిగా ఉంటే ఒక లెక్క, చల్లగా ఉంటే ఒక లెక్క. ఎండలోంచి అప్పుడే తీసిన గింజకి పైపొర ఆరి ఉంటుంది, లోపల తేమ అలాగే ఉంటుంది. అలాంటప్పుడు మిషన్ తక్కువ చూపించే అవకాశం ఎక్కువ. రాత్రంతా బస్తాలో ఉంటే లోపలి తేమ పైకి వచ్చి సమానమవుతుంది, పొద్దున్న ఎక్కువ చూపిస్తుంది. నా 16.2, 17.9 కథ ఇదే అయ్యుండొచ్చు. రెండు మిషన్ల తేడా కూడా కొంత ఉండొచ్చు. మిషన్ చెప్పింది అన్నంత మాత్రాన వేదం కాదు, నాకు తరుగు పడింది గనక అబద్ధమూ కాదు.

శాతం అన్న మాటలోనూ ఒక మెలిక ఉంది. 22 శాతం ధాన్యాన్ని 17కి ఆరబెడితే క్వింటాకి 5 కిలోలు తగ్గుతుందనుకుంటాం. కాదు. 22 శాతం అంటే నూటికి 22 కిలోలు నీరు, 78 కిలోలు సరుకు. ఆరాక ఆ 78 కిలోలు మొత్తంలో 83 వంతులు అవ్వాలి. అంటే మిగిలేది 94 కిలోలు, తగ్గేది 6. అలాగే భయపడి మరీ ఎక్కువ ఎండబెట్టి 14కి తెచ్చారనుకోండి. 17 దగ్గర 75 కిలోలుండే బస్తా 72 కిలోల 400 గ్రాములకి దిగుతుంది. బస్తాకి 2 కిలోల 600 గ్రాములు మన చేత్తో మనం గాలికి వదిలినట్టు. పైగా బాగా ఎండిన గింజ మరపట్టినప్పుడు నూకవుతుంది కూడా.

మరి మా నాన్నకి ఎండిందని ఎలా తెలిసేది? గింజ పంటికింద పెట్టేవాడు. పటుక్కున విరిగితే ఎండింది. మెత్తగా నలిగితే ఇంకో ఎండ కావాలి. రాశిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టేవాడు, చల్లగా తగిలితే పచ్చి, వెచ్చగా ఉంటే ముక్కబోతకి సిద్ధం. గుప్పెడు తీసి జారవిడిచి చప్పుడు వినేవాడు. పచ్చి, వాడు, ఒరుపు, పెళుసు, గలగల. ఇన్ని మాటలూ పన్ను, చెయ్యి, చెవి చెప్పినవే.

ఇవి నాటు మాటలని చిన్నచూపు అక్కర్లేదు. 1812లో జర్మనీ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ రాళ్ల గట్టితనం కొలవడానికి చేసిందీ ఇలాంటిదే. ఏది దేని మీద గీత పెట్టగలదో చూసి, గోటికే గీసుకుపోయే టాల్క్ ఒకటి, వజ్రం పది అని వరస పెట్టాడు. అందులో పది అంటే ఐదుకి రెట్టింపు గట్టి అని కాదు, వరసలో పైన ఉందని మాత్రమే. ఆ వరస ఇప్పటికీ వాడుకలో ఉంది. మా నాన్న పన్ను కూడా అలాంటి వరసే. పచ్చి ఏదో, ఎండు ఏదో తప్పకుండా చెబుతుంది. 16కీ 18కీ తేడా మాత్రం చెప్పలేదు. కాటా దగ్గర డబ్బు తెగేది సరిగ్గా ఆ 16కీ 18కీ మధ్యే. అందుకే పన్ను ఒక్కటీ చాలదు, మిషన్ కావాల్సిందే.

నా బాధ అంకె వచ్చిందని కాదు. ఆ అంకె ఒక్కరి చేతిలోనే ఉందని. కుంచం కొనేవాడి ఇంట్లో ఉన్నన్నాళ్లూ గుద్దుడు మనకే. ఫ్రాన్స్ రైతు మొర కూడా కొలత మీద కాదు, కొలత దొర చేతిలో ఉన్నందుకు. ఇప్పుడు మిషన్ అవతలివాడి చేతిలో మాత్రమే ఉంటే అది కూడా ఒక కుంచమే.

అందుకని మా వీధిలో ఎనిమిదిమందిమి కలిసి ఒక మిషన్ కొనుక్కుందామనుకుంటున్నాం. ధాన్యం చల్లారాక, ఒక రాత్రి ఆగి, రాశిలో పైనా మధ్యనా అడుగునా తీసి మూడుసార్లు చూసుకుంటాం. కేంద్రంలోనూ మూడుసార్లు పెట్టమని అడుగుతాం, వరి సెట్టింగ్‌లోనే ఉందా అని కూడా అడుగుతాం. గట్టిగా అడగాలంటే మాట తెలియాలి కదా.

అలాగని పన్ను మానను. మొన్న మా అబ్బాయి కల్లంలో మిషన్ కోసం చూస్తూ నిలబడితే, ముందు ఒక గింజ కొరికి చూడరా అన్నాను. కొరికి, "ఇంకా పచ్చిగానే ఉంది నాన్నా" అన్నాడు. తర్వాత మిషన్ పెడితే 19 దాటింది.

మీ ఊళ్లో ఎండిన గింజని, ఎండని గింజని ఏమంటారో రాయండి. మీ తాతగారి కుంచం ఇంట్లో ఇంకా ఉంటే ఒక ఫొటో పెట్టండి.