లారీ వెనక రాసిన మాట

నిజాం రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టింది. ఆ తరం మోటారు బండ్లలో చాలావాటికి హారన్ అంటే రబ్బరు బుగ్గ ఉన్న బూర. పిసికితేనే పలికేది. చెయ్యి నొస్తది కాబట్టి అవసరానికే కొట్టేవాళ్లేమో! కరెంటు హారన్‌తో ఆ బాధ పోయింది.

నల్లగొండ, పాలమూరు దారుల్లో దానికి పని ఉండేది. సన్నటి తారు, అటూ ఇటూ మట్టి. ఎడ్లబండి మీద మనిషి కునుకు తీస్తున్నా ఎద్దులు నడుస్తూనే ఉంటాయి. ముందు పోయే లారీ డ్రైవర్‌కు ఇంజను మోతలో వెనక బండి వినపడదు. అందుకే లారీల వెనక ‘హారన్ ఓకే ప్లీజ్’ అని రాయించారు. అంటే హారన్ కొట్టడం మొరటుతనం కాదు, అడిగినదానికి జవాబు.

ఇప్పుడు నార్కట్‌పల్లి మీదుగా విజయవాడ రోడ్డు, జడ్చర్ల మీదుగా కర్నూలు రోడ్డు నాలుగు లైన్లయ్యాయి, మధ్యలో డివైడర్ వచ్చింది. కారణం పోయింది. అలవాటు మాత్రం ఊళ్లోకి, ఆసుపత్రి గేటు దాకా వచ్చింది.

ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని 2000 నాటి నిబంధనలు చెప్తాయి. 2019 సవరణతో అనవసరపు హారన్‌కు 1,000 రూపాయల జరిమానా, మళ్లీ కొడితే 2,000. ఏది అనవసరమో రోడ్డు మీద తేల్చేదెవరు? నాకైతే 2015లో మహారాష్ట్ర చేసిందే నచ్చింది. లారీల వెనక ఆ మూడు మాటలు రాయొద్దంది. సూర్యాపేట దారిలో దాబాల ముందు ఆగిన లారీల మీద అవి ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి, కొత్త రంగుతో.